బిగించే ముందు వదిలి చూడు: పాత బుల్లెట్‌కు థ్రాటిల్ లాక్

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. నాన్న వాడిన 1998 మోడల్ బుల్లెట్ 350 మీద వారం వారం కర్నూలు నుంచి అనంతపురం పోయి వస్తున్నావు. డోన్ దాటేసరికి కుడి మణికట్టు లాగుతోంది, గుత్తి చేరేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఎక్సలేటర్‌ను పట్టి ఉంచే లాక్‌లు ఆన్‌లైన్‌లో రెండు మూడు రకాలు కనబడ్డాయి. ఏది కొనాలి, ఇంట్లో బిగించుకోవచ్చా, నాన్న వద్దంటున్నాడు, నిజంగా అంత ప్రమాదమా?

బిగించుకోవచ్చు. ఇంట్లోనే అయిపోతుంది, లాక్ బిగించడం అరగంట పని. కానీ దానికి ముందు ఒక పూట పని ఉంది. అది చేయకుండా లాక్ వేస్తానంటే మాత్రం నేను మీ నాన్న వైపే.

ముప్పై ఏళ్లుగా అనంతపురంలో షెడ్డు పెట్టుకుని బుల్లెట్లు, యెజ్డీలు, రాజ్‌దూత్‌లు విప్పి బిగిస్తున్నవాణ్ని. చెయ్యి నొప్పి, లాక్ వెయ్యన్నా అని వచ్చిన పాత బండ్లలో చాలావాటికి నేను లాక్ వెయ్యలేదు. వైరు మార్చి, గ్రిప్ విప్పి కడిగి పంపించాను. వాళ్లు మళ్లీ లాక్ మాట ఎత్తలేదు.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడు. గ్రిప్ తిప్పితే వైరు లాగుతుంది, వైరు కార్బరేటర్‌లో గాలిదారిని మూసి తెరిచే స్లైడ్‌ను పైకి లేపుతుంది. మరి గ్రిప్ వదిలితే? స్లైడ్‌ను కిందికి దించేది నీ చెయ్యి కాదు, స్లైడ్ నెత్తిన కూర్చున్న ఒక్క స్ప్రింగ్. వైరుతో పనిచేసే పెద్ద బండ్లలో చాలావాటికి రెండు వైర్లుంటాయి, ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి. అక్కడ స్ప్రింగ్ మొరాయించినా చేత్తో వెనక్కి తిప్పి మూయొచ్చు. నీ బుల్లెట్‌కు ఉన్నది ఒక్కటే వైరు. బావిలో బొక్కెనను తాడుతో పైకి లాగుతాం గానీ, అదే తాడుతో కిందికి తోయగలమా? వైరు తొడుగులో ఇరుక్కుంటే నువ్వు గ్రిప్‌ను ఎంత వెనక్కి తిప్పినా స్లైడ్ పైనే ఉండిపోతుంది.

లాక్ చేసే పని ఏమిటంటే, ఆ స్ప్రింగ్‌కు ఎదురుగా గ్రిప్ దగ్గర కొంచెం రాపిడి పెట్టడం. అంతకు మించి ఏమీ లేదు. ఆ రాపిడి స్ప్రింగ్ కంటే కొద్దిగా ఎక్కువ ఉండాలి, నీ మణికట్టు బలం కంటే చాలా తక్కువ ఉండాలి. పేరు లాక్ అన్నారు గానీ తాళం లాగా పనిచేసేది ఏదైనా నీ బండికి పనికిరాదు. పట్టు ఉన్నా సరే, చెయ్యి వెనక్కి తిప్పగానే అది ఓడిపోవాలి.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. ఇరవై ఏళ్ల కిందటి మాట. ఇప్పటి ఎన్‌హెచ్ 44ను అప్పుడు ఎన్‌హెచ్ 7 అనేవాళ్లం, రెండు లైన్ల రోడ్డు. నా దగ్గర ఒక పాత బుల్లెట్ ఉండేది. ఆ కాలం బుల్లెట్లు కొన్నిటికి గ్రిప్ కప్పు (వైరు వచ్చి గ్రిప్‌తో కలిసే డబ్బా) కింద చిన్న స్క్రూ ఒకటి వచ్చేది. దాన్ని బిగిస్తే లోపలి రేకు స్ప్రింగ్, గ్రిప్ రబ్బరు కింద తిరిగే గొట్టాన్ని, అంటే స్లీవ్‌ను, ఒత్తి పట్టుకుంటుంది, చెయ్యి తీసినా ఎక్సలేటర్ ఉన్నచోటే ఉంటుంది. అంటే లాక్ అనేది కొత్త కనిపెట్టుడేమీ కాదు. నేను ఆ స్క్రూను బాగా బిగించి, కుడిచెయ్యి తొడ మీద పెట్టుకుని దొర మాదిరి పోతున్నాను. ప్యాపిలి దగ్గర మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెలు. నా చెయ్యి ఎక్కడికి పోయింది? గ్రిప్ మీదికి పోలేదు, నేరుగా బ్రేక్ లివర్ మీదికి పోయింది. మామూలుగా అయితే బ్రేక్ పట్టేటప్పుడు మణికట్టు తనంతట తనే ఎక్సలేటర్ మూస్తుంది. ఆ అలవాటు చెయ్యి గ్రిప్ మీద ఉన్నప్పుడే. గాల్లో నుంచి వచ్చిన చెయ్యికి ఆ సంగతి గుర్తుండదు. క్లచ్ పట్టాను, ఇంజిన్ గోల పెట్టింది. ఆ గోలకు గొర్రెలు చెదిరిపోయాయి కాబట్టి సరిపోయింది. కాపరి అన్న మాటల్లో ఇక్కడ రాయదగ్గది ఒక్కటే: "కండ్లు నెత్తిమీద పెట్టుకున్నావా యప్పా!"

ఆ రోజు నుంచి నా లెక్క ఇంతే. గ్రిప్ తనంతట తాను మూసుకునే బండికే లాక్. అందుకే ముందు లాక్ గురించి కాదు, వదలడం గురించి.

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బండిని మెయిన్ స్టాండ్ వెయ్యి. ఇంజిన్ ఆపే ఉంచి గ్రిప్ పూర్తిగా తిప్పి వదిలెయ్యి. కార్బరేటర్‌లో "టక్" అని వినిపించాలి. మెల్లగా జారుకుంటూ వచ్చినా, చివర్లో కొంచెం నువ్వు తోయాల్సి వచ్చినా ఫెయిల్. ఇదే పరీక్ష హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లో పెట్టి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పు. తిప్పినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగిందంటే వైరు ఎక్కడో లాగుతోంది, ట్యాంక్ కిందో స్టీరింగ్ మెడ దగ్గరో నలుగుతోంది. దాని దారి సరిచెయ్యి. గ్రిప్ తిప్పగానే వైరు లాగకూడదు, మొదట రెండు మూడు మిల్లీమీటర్ల ఆట, అంటే వదులు, ఉండాలి.

ఫెయిల్ అయితే బెంగ అక్కర్లేదు, ఈ వయసు బండి ఫెయిల్ కావడమే మామూలు. గ్రిప్ కప్పు స్క్రూలు విప్పి వైరు కొనకుండే గుండు దగ్గర చూడు. ఒక్క పోగు తెగి ఉన్నా ఆ వైరు చెత్తబుట్టకే, నూనె పోసి బతికించొద్దు. పోగులన్నీ బాగుంటే వైరును నిలువుగా వేలాడదీసి, పైకొనకు చిన్న ప్లాస్టిక్ కవర్ మూలను సంచి మాదిరి కట్టి, అందులో పలచని నూనె పోసి రాత్రంతా వదిలెయ్యి. కింది కొన నుంచి చుక్క పడాలి. గ్రీజు పెట్టొద్దు. మన కర్నూలు దుమ్ము గ్రీజుతో కలిస్తే సానబట్టే పేస్ట్ అవుతుంది. వైరు కొత్తదైతే, లోపల నైలాన్ తొడుగు ఉందని అంగడాయన చెప్తే, నూనె కూడా అక్కర్లేదు.

గ్రిప్ స్లీవ్ లాగేసి హ్యాండిల్ రాడ్‌ను చూడు. అక్కడ తుప్పు పట్టి ఉంటుంది, పందెం. సన్న ఎమెరీ పేపర్‌తో రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆరబెట్టు. లోహపు స్లీవ్ అయితే వేలికొన అద్దినంత గ్రీజు, ప్లాస్టిక్ స్లీవ్ అయితే అదీ వద్దు. తిరిగి ఎక్కించేటప్పుడు గ్రిప్ రబ్బరు లోపలి అంచు కప్పును రాసుకోకూడదు, బయటి అంచు రాడ్ కొనకు ఆనకూడదు. రెండువైపులా ఒక మిల్లీమీటరు సందు వదులు. ఈ ఒక్క రాపిడి తీసేస్తే చాలామంది చెయ్యి నొప్పి సగం పోతుంది.

కార్బరేటర్ పైమూత విప్పి స్లైడ్ బయటికి తీసి తుడువు. ఖాళీ స్లైడ్‌ను దాని రంధ్రంలో వదిలితే సొంత బరువుతో జారి పడాలి. గీతలు పడి అరిగిపోయి ఉంటే అది ఇరుక్కుపోవచ్చు, అలాంటి బండికి లాక్ ఊసే వద్దు. తిరిగి పెట్టేటప్పుడు స్లైడ్‌కు కోసినట్టుండే భాగం ఎయిర్ ఫిల్టర్ వైపు రావాలి, పక్కనున్న గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి. తిప్పి పెడితే కిక్ కొట్టగానే బండి ఫుల్ రేస్‌లో అరుస్తుంది. షెడ్డులో కొత్త పిల్లలు ఒక్కసారైనా చేసే తప్పు ఇది.

అక్కడే స్ప్రింగ్‌ను కూడా చూడు. ఇది ఎవరూ చెప్పని విషయం. వైరు బిగుసుకుని స్లైడ్ దిగడం లేదని బండి వచ్చినప్పుడు, వైరు మార్చకుండా ఎక్కడో దొరికిన గట్టి స్ప్రింగ్ ఒకటి వేసి పంపే మెకానిక్‌లు ఉన్నారు. స్లైడ్ దిగుతుంది, నిజమే. ఆ స్ప్రింగ్ బరువు మాత్రం రానుపోను 300 కిలోమీటర్లు నీ మణికట్టు మోస్తుంది. నీ బండికి అదే జరిగి ఉండొచ్చు. వైరు కొత్తది వేసి, ఈ బండికి వచ్చే అసలు స్ప్రింగ్ వేసి ఒక వారం తిరిగి చూడు. నొప్పి పోతే లాక్ డబ్బులు మిగిలినట్టే.

ఇంత చేసినా కావాలంటే, ఇప్పుడు రకాల సంగతి.

మొదటిది ప్లాస్టిక్ రెక్క, నిజానికి అది లాక్ కాదు. గ్రిప్‌కు తొడిగితే అరచేయి దాని మీద ఆనుతుంది, వేళ్లతో పిండి పట్టుకోకుండా అరచేతి బరువుతో ఎక్సలేటర్ నిలుస్తుంది. చెయ్యి తీస్తే మూసుకుంటుంది. నన్నడిగితే నీకు ఇదే. కానీ దీనికీ ఒక గుణం ఉంది. సిగ్నల్ దగ్గర, పెట్రోల్ బంకులో ఇంజిన్ ఆన్‌లో ఉండగా బండిని నెట్టేటప్పుడు అరచేయి పొరపాటున రెక్క మీద పడిందా, బండి దూకుతుంది. ఊళ్లోకి రాగానే దాన్ని ముందుకు తిప్పి, చేతికి తగలకుండా పెట్టే అలవాటు చేసుకో. హైవేలో నువ్వు పోయే 60 వేగానికి గ్రిప్ ఎక్కడ ఉంటుందో చూసుకుని, ఆ స్థానంలో రెక్క అరచేతి కింద సమంగా ఉండేట్టు తొడుగు.

రెండోది గ్రిప్ కొనకు, హ్యాండిల్ చివర బిగించే బార్ ఎండ్ బరువుకు మధ్య రబ్బరు రింగు ఇరికించేది. చవక, కొన్ని బండ్లకు బాగానే పనిచేస్తుంది. నీ బుల్లెట్‌కు బార్ ఎండ్ బరువే ఉండదు కాబట్టి దాన్ని వదిలెయ్యి.

మూడోది లోహపు పట్టీకి తోక ఉండేది. పట్టీ గ్రిప్‌ను పట్టుకుంటుంది, తోక ముందు బ్రేక్ లివర్ మీద ఆనుకుని గ్రిప్ వెనక్కి రాకుండా ఆపుతుంది. చూడ్డానికి తెలివైన ఏర్పాటే. నాకు నచ్చదు. నీ బండి ముందు బ్రేక్ డ్రమ్ము, వైరుతో లాగేది, లివర్ చాలా దూరం కదులుతుంది. కదిలిన లివర్‌కీ గ్రిప్‌కీ మధ్య ఆ తోక ఇరుక్కుంటే బ్రేకూ పట్టదు, ఎక్సలేటరూ మూసుకోదు. ఇప్పటికే కొనేసి ఉంటే బండి నిలబెట్టి లివర్‌ను చివరిదాకా పదిసార్లు పిండి చూడు. ఒక్కసారి తగులుకున్నా తీసెయ్యి.

నాలుగోది కప్పుకూ గ్రిప్‌కూ మధ్య సందులో బిగించే పట్టీ, బొటనవేలితో నొక్కితే రాపిడి పెట్టేది. లాక్ అనే పేరుకు తగ్గది ఇదే, ధర కూడా ఎక్కువే. బుల్లెట్ హ్యాండిల్ రాడ్ మందం మామూలుగా 22 మిల్లీమీటర్లే, ఆ లెక్కలో ఇబ్బంది రాదు. కానీ పట్టీ కూర్చునేది స్లీవ్ మీద, దాని మందం, కప్పు ఆకారం పాత బుల్లెట్‌కు వేరు. కొనే ముందు గ్రిప్ రబ్బరు లోపలి అంచు దగ్గర ఎంత సందు ఉందో స్కేలుతో కొలుచుకో. సందు లేకపోతే రబ్బరు అంచును బ్లేడుతో కోసి చేస్తారు. స్లీవ్‌ను మాత్రం కోయొద్దు.

బిగించేటప్పుడు పట్టీ స్లీవ్ మీద గట్టిగా కూర్చోవాలి, మెత్తటి రబ్బరు మీద కాదు. ఎండలో నిలబెట్టిన బండికి రబ్బరు మెత్తబడి పట్టీ జారుతుంది, జారిన పట్టీ ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్పలేం. బుల్లెట్ అదురుకు వదులు కాని స్క్రూ ఈ లోకంలో లేదు కాబట్టి స్క్రూలకు నీలిరంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క వెయ్యి. ఆరనిచ్చి, లాక్ తీసి ఉంచి పొద్దున చేసిన "టక్" పరీక్షలన్నీ మళ్లీ చెయ్యి. తర్వాత లాక్ పెట్టి, రెండు వేళ్లతో గ్రిప్‌ను మూసే వైపు తిప్పు. రెండు వేళ్లకు లొంగాలి. పిడికిలి కావాల్సి వస్తే రాపిడి ఎక్కువైంది, తగ్గించు.

ఇంకో పని. నీ బండికి ఇంజిన్‌ను అక్కడికక్కడే ఆపే కిల్ స్విచ్ ఉందా? ఆ కాలం బండ్లలో చాలావాటికి లేదు. ఎక్సలేటర్ ఇరుక్కున్నప్పుడు కిందికి చూసి కీ వెతుక్కునే సమయం ఉండదు. ఎడమ బొటనవేలికి అందేట్టు ఒక స్విచ్ పెట్టించు, ఎందుకంటే ఆ క్షణంలో కుడిచెయ్యి బ్రేక్ మీద ఉంటుంది. ప్లాటినం పాయింట్లు, కాయిల్ ఉన్న బుల్లెట్‌కు కీ నుంచి కాయిల్‌కు పోయే వైరులో మధ్యన స్విచ్ వస్తుంది. పాత స్ప్లెండర్ లాంటి సీడీఐ (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) బండికి పద్ధతి తలకిందులు, అక్కడ వైరును ఎర్త్ చేస్తే ఇంజిన్ ఆగుతుంది. ఈ తేడా తెలియని ఎలక్ట్రీషియన్ చేతికి బండి ఇవ్వొద్దు. నాసిరకం స్విచ్ వేస్తే వానకు తడిసి నడిరోడ్డు మీద బండి ఆగుతుంది, మంచిదే కొను.

రోడ్డు మీద ఎలా వాడాలన్నది ఇక మిగిలింది. ఆదివారం తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద, 40 వేగంలో మొదలుపెట్టు. లాక్ పెట్టు, చెయ్యి గ్రిప్ మీదే ఉంచి వెనక్కి తిప్పి మూసెయ్యి. ముప్పై సార్లు ఇదే. తర్వాత చెయ్యి ఒక్క అంగుళం లేపు, తిరిగి గ్రిప్ పట్టుకుని ముందు మూసి, ఆ తర్వాతే బ్రేక్ పట్టు. నేను గొర్రెల దగ్గర తప్పింది ఈ వరుసలోనే. పైగా నీ బుల్లెట్‌కు గేర్ కుడికాలికి, వెనక బ్రేక్ ఎడమకాలికి. రోజూ వేరే బండి కూడా నడిపేవాడివైతే కంగారులో కాలు ఎటు పోతుందో ముందే తేల్చుకో.

ఇది కార్లలో వచ్చే క్రూయిజ్ కంట్రోల్ కాదని గుర్తుపెట్టుకో. అది వేగాన్ని పట్టి ఉంచుతుంది, ఇది స్లైడ్‌ను పట్టి ఉంచుతుంది. ఎత్తు వస్తే బండి నీరసిస్తుంది, పల్లం వస్తే నువ్వు అడగకుండానే వేగం పెరుగుతుంది. డోన్ నుంచి గుత్తి దాకా రోడ్డు ఎత్తుపల్లాలు నీకు తెలిసినవే, అక్కడ లాక్ వల్ల సుఖం తక్కువ. గుత్తి దాటి అనంతపురం వైపు తిన్నగా ఉన్నచోట పది ఇరవై సెకన్లు చెయ్యి దులుపుకుని, పిడికిలి నాలుగుసార్లు మూసి తెరిచి మళ్లీ పట్టుకోవడానికే అది. సెల్‌ఫోన్ చూడ్డానికి కాదు, నీళ్ల బాటిల్ మూత తీయడానికి కాదు. ఆషాఢంలో మన దగ్గర వీచే అడ్డగాలికి రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నా బండి పక్కకు పోతుంది, ఆ నెలల్లో లాక్ ఊసు మరిచిపో. వానలో, రాత్రిళ్లు, డివైడర్ సందుల్లోంచి రాంగ్ రూట్‌లో ట్రాక్టర్లు తోసుకొచ్చే ఊళ్ల దగ్గర కూడా అంతే. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్‌లో లాక్ పెట్టుకున్న కుర్రాడొకడు నా షెడ్డుకు వచ్చాడు. వాడి ముందు చక్రం రిమ్ము గురించి ఇప్పుడెందుకులే.

యమహా ఆర్‌ఎక్స్ 100 వాళ్లు కూడా ఇది చదివి బిగించుకుంటారేమో, వాళ్లకు ఒక్క మాట. టూ స్ట్రోక్ బండిని ఒకే రేస్‌లో గంటలతరబడి లాగితే, ఆయిల్ పంపు సరిగ్గా లేకపోతే, పిస్టన్ పట్టేసి వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. అప్పుడు కాపాడేది ఎడమచేతి వేళ్లు క్లచ్ మీద ఉండటం, కుడిచెయ్యి వెంటనే మూయడం. ఆ బండ్లకు లాక్ నేను వెయ్యను, ఎంత ఇస్తానన్నా సరే.

నీ చేతి సంగతి కూడా చెప్పాలి. అరిగి నున్నగైన గ్రిప్‌ను చెమట చేత్తో గట్టిగా పిండి పట్టుకుంటే ఎవరికైనా తిమ్మిరే. కొత్త గ్రిప్‌లు వెయ్యి. బ్రేక్ లివర్ మరీ పైకి ఉంటే మణికట్టు వెనక్కి విరిగినట్టుంటుంది, దాన్ని కొంచెం కిందికి తిప్పి ముంజేయి, లివర్ ఒకే గీతలో పెట్టు. ఇంజిన్ హెడ్ దగ్గర ఫ్రేమ్‌ను కలిపే పట్టీ బోల్టు వదులైతే హ్యాండిల్‌కు అదురు రెట్టింపవుతుంది, అదీ చూడు. డోన్ దగ్గర టీకి ఆగి పది నిమిషాలు చేతులు దులుపుకో. బండి దిగిన తర్వాత కూడా, రాత్రి పడుకున్నాక కూడా బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో. దానికి నా దగ్గర పానా లేదు, డాక్టర్ దగ్గరికి పో.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు గ్రిప్ కప్పు కింద వేలు పెట్టి తడిమి చూడు. మట్టి, గ్రీజు పేరుకుని కనబడకపోవచ్చు, గోటితో గీకు. ఆ పాత స్క్రూ ఇంకా ఉందంటే నువ్వు కొనాల్సిందేమీ లేదు, రెండు వేళ్లకు లొంగేంత బిగించుకుంటే చాలు. కప్పు మార్చేసి ఉంటే అది పోయి ఉంటుంది. ఎప్పుడు మార్చారో, ఆయన రోజుల్లో దాన్ని ఎంత బిగించుకునేవాడో మీ నాన్ననే అడుగు. వద్దంటున్నాడంటే ఆయన దారిలోనూ ఎక్కడో గొర్రెలు అడ్డం వచ్చే ఉంటాయి.